వెళ్లి అడగండి

మనిషి పోయిన సంగతి కంప్యూటరుకు కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. మా మేడం పోయి నెల దాటింది. మొన్న పొద్దున గుణదల ఆఫీసులో కూర్చుని టీ తాగుతుంటే నా స్క్రీను మీద ఒక వరస ఎర్రగా వెలిగింది. "ఈ రూలు గడువు ఈ సాయంత్రంతో తీరిపోతుంది. బాధ్యత చూసేవారు లేరు. ఇది ఇంకా కావాలా?" అని అడుగుతోంది. అడుగుతున్నది మా రూల్స్ చూసుకోవడానికి ఆవిడ రాసిన టూలే. ఆ మాటలూ ఆవిడవే. టీ చల్లారిపోయింది.

మాది ఇళ్లకూ దుకాణాలకూ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీ. పటమట నుంచి కంకిపాడు దాకా మా తీగలు వేలాడుతుంటాయి. బయటి ప్రపంచంలోకి పోవడానికి మాకు రెండు లైన్లున్నాయి. ఒకటి వెడల్పైనది, కానీ సాయంత్రమైతే కిక్కిరిసిపోతుంది. రెండోది సన్నటిది, ఎప్పుడూ తేటగా ఉంటుంది. అందరినీ మొదటి దాని మీదే పంపిస్తాం. ఎవరికో ఏదో అవసరం ఉంటే రౌటరులో ఒక రూలు రాసి, ఆ ఇంటిది మాత్రం రెండో లైను మీదికి మళ్లిస్తాం. అలాంటి రూల్స్ కొన్ని వందలున్నాయి. ఆ వారమే రౌటరు మార్చబోతున్నారు. గడువు తీరిన రూల్స్ కొత్తదాంట్లోకి రావని కొత్త మేనేజరు ముందే చెప్పేశాడు. ఎర్రగా వెలిగిన వరస కంకిపాడులో ఒక ఇంటిది. దాని పక్కన మేడం రాసిన మాట ఉంది. "ఈ ఇంటికి ఫోను చెయ్యొద్దు. వెళ్లి అడగండి."

ఆవిడ దగ్గర ఒక చెక్క స్కేలు ఉండేది. బడిపిల్లలు వాడే స్కేలే, అంచులు అరిగి అంకెలు సగం చెరిగిపోయాయి. రూల్స్ చదవాలంటే దాన్ని మానిటరుకు అడ్డంగా ఆనించి, ఒక్కో వరస చదువుతూ ఒక్కో వరస కిందికి దించేవారు. అంత పెద్ద ఇంజనీరు అలా చదవడం చూసి కొత్తల్లో మేం నవ్వుకునేవాళ్లం. తర్వాత మాకూ తెలిసొచ్చింది. రౌటరు పై నుంచి కిందికి చదువుతుంది, తనకు సరిపడే మొదటి రూలు దొరకగానే ఆగిపోతుంది. పైన ఒక్క వరస తప్పుగా ఉంటే, కింద ఎంత చక్కగా రాసిపెట్టినా దాని మొహం చూడదు. మేడం మాత్రం ప్రతి వరస మొహమూ చూసేవారు. స్కేలు అందుబాటులో లేకపోతే అరచెయ్యి అడ్డంగా కళ్ల ముందు పెట్టి మెల్లగా కిందికి దించేవారు. కరెంటు బిల్లయినా, హోటల్లో టిఫిన్ల బోర్డయినా అంతే. బోర్డు చివరిదాకా అలా చదివి ఇడ్లీయే చెప్పేవారు.

నేను చేరిన కొత్తలో ఈ రూల్స్ సంగతి నాకు బెంజి సర్కిల్ పెట్టి చెప్పారు.

"మామూలు రౌటరు ఏం చేసిద్దంటే, ఎక్కడికెళ్తున్నావని అడిగిద్ది. బందరంటే బందరు రోడ్డు చూపిచ్చిద్ది. అంతే. మనం ఈ రూల్స్ పెట్టామనుకో, ఎవరు నువ్వు, ఎక్కణ్ణుంచి వస్తున్నావు అని కూడా అడిగిద్ది. లారీవైతే బైపాస్ మీద పో, అంబులెన్సువైతే ఊళ్లోంచి పో అంటది."

"మరి ఎవరు అంబులెన్సో దానికెలా తెలుసండీ?" అన్నాను.

"మనం చెప్తేనే తెలిసిద్ది. ఎవరు చెప్పాలి? నువ్వే చెప్పు."

నా చెయ్యి మెడ వెనక్కి పోయింది. తెలియని ప్రశ్న అడిగితే నాకది అలవాటు. మెడ వెనక జవాబేదో దాచుకున్నట్టు రుద్దుకుంటూ ఉంటాను. ఆవిడ ఆ రోజే కనిపెట్టేశారు.

"చెయ్యి మెడ మీదికెళ్లింది. అంటే అబ్బాయికి తెలీదన్నమాట. తెలీదని చెప్తే సరిపోయిద్దిగా, మెడ అరిగిపోద్ది."

అప్పటి నుంచి ఆఫీసులో నాకు తెలియదనడానికి గుర్తు అదైపోయింది. మీటింగులో నా చెయ్యి కొంచెం లేస్తే చాలు, "ఆ, ఇంకోళ్లని అడగండి" అనేవారు.

టూలు రాకముందు మా రూల్స్ అటక మీద సామానులా ఉండేవి. ఎవరు పెట్టారో తెలియదు, ఎందుకు పెట్టారో తెలియదు, తీసేస్తే ఎవరింట్లో ఏం ఆగిపోతుందోనని ముట్టుకోవడానికి భయం. ఆవిడ ఒక వేసవంతా కూర్చుని ఆ టూలు రాశారు. కొత్త రూలు పెట్టాలంటే అది నాలుగు సంగతులు అడుగుతుంది. ఎవరి కోసం, ఎందుకు, ఎవరి బాధ్యత, ఎప్పటిదాకా. ఒక్క గడి ఖాళీగా ఉన్నా రూలు పడదు. మా వాడొకడు తెలివిగా "ఎవరి కోసం" దగ్గర "టెస్ట్" అని కొట్టాడు. మర్నాడు మేడం అతని బల్ల దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా, "ఈ టెస్ట్ గారు ఏ వీధిలో ఉంటారండీ?" అని అడిగారు. ఆ తర్వాత ఎవరం ఆ తెలివి చూపించలేదు.

మా పనిలో ఉన్నవాళ్లు మాత్రమే చెయ్యగల తప్పొకటుంది. గుణదలలో కూర్చుని కంకిపాడు రౌటరులో దారి మారుస్తూ, మేం దాని దగ్గరికి వెళ్తున్న దారినే మార్చేసుకుంటాం. అక్కడితో ఆ రౌటరు మాకు అందదు. ఎవరో ఒకరు హెల్మెట్ పెట్టుకుని కంకిపాడు బయల్దేరాల్సిందే. అందుకని ఆవిడ టూలుకి ఒక అలవాటు నేర్పారు. మార్పు చెయ్యగానే అది "ఉన్నారా?" అని అడుగుతుంది. మనం "ఉన్నాను" అని నొక్కాలి. కాసేపట్లో జవాబు రాకపోతే దారి తెగిందని అర్థం చేసుకుని, పాతదే మళ్లీ పెట్టేస్తుంది. మా పెట్రోలు ఖర్చు తగ్గిందని పాత మేనేజరు మురిసిపోయాడు. నాకు మాత్రం మధ్యాహ్నం పూట కంకిపాడు తిరుగుడు తప్పిపోయినందుకు కొంచెం బాధే.

టూలు కంటే నాకు ఎక్కువ గుర్తున్నది ఆవిడ పెట్టిన ఆచారం. రూలు తీసెయ్యాలంటే ముందు అది ఎవరిదో వాళ్లకు ఫోను చెయ్యాలి. రూలుకి అవతల మనిషుంటాడు, మనిషిని అడక్కుండా తియ్యడానికి వీల్లేదు. ఫోన్లు చాలావరకూ ఆవిడే చేసేవారు.

"నమస్కారం అండీ, ఇంటర్నెట్ ఆఫీసు నుంచండీ. బిల్లు గురించి కాదండీ, కంగారు పడకండి. మీకోసం ఒక దారి వేసిపెట్టాం. ఇంకా వాడుతున్నారా, తీసెయ్యమంటారా?"

అవతలివాళ్లకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. దారి ఏమిటి, వేసిపెట్టడం ఏమిటి? ఆవిడ విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి చెప్పేవారు. కొన్నిసార్లు మంచి కబుర్లు వచ్చేవి. పటమటలో ఒకమ్మాయి పరీక్షలు అయిపోయాయి, ఉద్యోగం వచ్చింది, ఇంక అక్కర్లేదంది. ఒక పెద్దాయన కంటి ఆపరేషను అయిపోయింది, డాక్టరుకి వీడియోలో కన్ను చూపించే పని లేదన్నాడు. అలాంటి రూలు తీసేసిన రోజు మేడం బందరు లడ్డు తెప్పించి అందరికీ పెట్టేవారు. అవసరం తీరిందంటే అంతకంటే మంచి కబురేముంటుందని ఆవిడ లెక్క. రూలు పెట్టిన రోజు ఎప్పుడూ ఏమీ పెట్టలేదు.

కంకిపాడు ఇంటి రూలు టూలుకంటే ముందుది. ఎప్పుడో మానేసిన ఉద్యోగి పెట్టాడు, ఎందుకో రాయలేదు. పాతవన్నీ ఏరుతున్నప్పుడు మేడం ఆ ఇంటికి ఫోను చేశారు. మోగింది, అవతల కట్ చేశారు. మర్నాడు వేరే వేళప్పుడు చేశారు. మళ్లీ కట్ చేశారు. ఆ తర్వాతి రోజూ అంతే.

"కట్ చేస్తున్నారయ్యా. మన గోల వాళ్లకి అక్కర్లేనట్టుంది" అని ఆ రూలు తీసేశారు. పద్ధతి ప్రకారమే తీశారు. లడ్డు లేదు.

వారం తిరక్కుండా ఆటోనగర్ నుంచి ఒకాయన వచ్చాడు. లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడని తర్వాత తెలిసింది. చొక్కా నిండా వెల్డింగు రవ్వల చిల్లులు. ముందు గదిలో ఉండే అమ్మాయి ఏం కావాలండీ అంటే మాట్లాడలేదు. చెవి మీద చెయ్యి పెట్టి లేదన్నట్టు ఊపాడు. చందా కోసం వచ్చాడనుకుని ఆ అమ్మాయి పర్సు తీసింది. ఆయనకు కోపం వచ్చింది. జేబులోంచి కంకిపాడు ఇంటికి మేమిచ్చిన బిల్లు తీసి బల్ల మీద పరిచాడు. ఆ అలికిడికి మేడం లేచి వచ్చారు.

ఆయన ఫోనులో ఒక వీడియో చూపించాడు. భార్యతో మాట్లాడుతుండగా రికార్డు చేసుకున్నది. నిండు నెలల మనిషి, చేతులతో ఏదో చెబుతోంది. చేతులు సగంలో ఆగిపోతాయి. మళ్లీ కదిలేసరికి ఇంకెక్కడో ఉంటాయి. మధ్యలో వేళ్లన్నీ కలిసిపోయి మసక మసకగా ఉంటాయి. మనలాంటి వాళ్లకు బొమ్మ ఆగినా మాట వినపడుతుంది, సర్దుకుపోతాం. వాళ్లిద్దరికీ వినపడదు. వాళ్లకు బొమ్మే మాట. ఆమెకు చదువొచ్చినా ఆయనకు రాదు కాబట్టి మెసేజీలు రాసుకునే వీలూ లేదు.

మేడం ఆ వీడియో మళ్లీ మళ్లీ చూశారు. తర్వాత అక్కడున్న కుర్చీలో కూర్చుండిపోయారు.

"మనం ఫోను చేశాం అబ్బాయ్" అన్నారు నాతో. "వినపడని ఇంటికి ఫోను చేశాం. పాపం ఆ పిల్ల ఎత్తి ఏం చేసిద్ది, కట్ చెయ్యక?"

ఆయన్ని లోపలికి తీసుకెళ్లి తన పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చూస్తుండగానే రూలు మళ్లీ పెట్టారు. ఇప్పుడు చెయ్యండని ఫోను చూపించారు. ఆయన భార్యకు వీడియో కాల్ చేశాడు. బొమ్మ తేటగా వచ్చింది. ఆమె చేతులు అందుకున్నాయి, ఇక ఆగలేదు. మాలో ఎవరికీ ఆ భాష రాదు, కానీ ఆయన్ని తిడుతోందని ఆఫీసులో అందరికీ అర్థమైంది. ఆయన తల వంచుకుని నవ్వుతున్నాడు. పెళ్లయినవాళ్లందరం మా మా పనుల్లోకి చూపు తిప్పుకున్నాం.

మర్నాడు మేడం నన్ను వెంటబెట్టుకుని కంకిపాడు వెళ్లారు. మెసేజ్ పెడితే సరిపోదా, ఆమెకు చదువొచ్చుగా అన్నాను నేను.

"మెసేజ్ పెడితే 'కావాలి' అని ఒక్క మాట వచ్చిద్ది. వెళ్తే ఎందుకు కావాలో కనపడిద్ది" అన్నారు.

పెద్ద వీధి వెనక చిన్న డాబా. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ ఆమె అక్కడే ఉండేది. మగ్గం మీద జాకెట్లకు పూసల పని చేసేది. భర్త ఆటోనగర్‌లో షెడ్డు పక్క గదిలో ఉంటూ ఆదివారాలు వచ్చేవాడు. మిగిలిన రోజులన్నీ వాళ్ల కాపురం మా తీగ మీదే నడుస్తోంది. అంతకు రెండు రోజుల ముందు డాక్టరు, బిడ్డ అడ్డం తిరిగింది, కానీ భయం లేదని చెప్పిందట. ఆమె భర్తకు అదే చెప్పబోతే, "అడ్డం తిరిగింది" దగ్గర బొమ్మ ఆగిపోయింది. మిగతా సగం ఆయనకు చేరలేదు. దొరికిన లారీ ఎక్కి, పని బట్టల్లోనే ఇంటికి పరుగెత్తుకొచ్చాడట. ఇదంతా ఆమె కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి చూపించింది. మేడం అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కో వరసా చదివారు.

చదవడం అయ్యాక ఏం రాస్తారోనని కలం ముందుకు జరిపాను. ఆవిడ కలం తీసుకోలేదు. రెండు చేతులతో రెండు చెవులూ పట్టుకున్నారు, బడిలో తప్పు చేసిన పిల్లలా. ఆమె ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. అంత పెద్ద మనిషిని అలా చూడటం నాకు మొదట సిగ్గనిపించింది. కాసేపటికి గర్వంగా అనిపించింది.

తిరిగొచ్చాక టూలులో అయిదో గడి వచ్చింది. "ఎలా అడగాలి?" మొదట నిండింది కంకిపాడు ఇంటిదే. ఆ తర్వాత మిగతావాళ్లవీ ఒక్కొక్కటే నిండాయి. "ఆటోనగర్ షెడ్డు. రొదలో ఫోను వినపడదు, భోజనం వేళ చెయ్యండి." "పెద్దావిడ. బిగ్గరగా మాట్లాడండి, ముందు ఆరోగ్యం అడగండి." "శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్తారు, సాయంత్రం చెయ్యండి." ఆ గడి పై నుంచి కిందికి చదువుకుంటూ పోతే మా ఊరి మనుషులంతా కనిపిస్తారు. కొత్త మేనేజరు దాన్ని చూసి, ఇదంతా రౌటరుకెందుకండీ అన్నాడు. రౌటరుకు కాదు, మనకు అని మేడం ఉంటే చెప్పేవారు. నేను మెడ రుద్దుకున్నాను.

ఆవిడ గుండె ఆగి పోయారు. ఆస్పత్రికి తీసుకెళ్లే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆవిడ పేరు మీదున్న రూల్స్ అందరం పంచుకుని, ఫోన్లు చేసి గడువులు పెంచుతున్నాం. ఫోనుతో పని జరగనిది మిగిలిపోయి మొన్న పొద్దున ఎర్రగా వెలిగింది. నేను హెల్మెట్ తీసుకున్నాను.

బందరు రోడ్డు పొడుగునా నాట్లు పడుతున్నాయి. కాలవ నిండుగా పారుతోంది. ఇంటి ముందు నాలుగైదేళ్ల పాప గేటు పట్టుకుని ఊగుతోంది. ఆ రోజు అడ్డం తిరిగిన బిడ్డ ఈ పిల్లే. దీనికి వినపడుతుంది, మాట్లాడుతుంది, కావలసినదానికంటే కొంచెం ఎక్కువే. నన్ను చూసి లోపలికి పరుగెత్తి వాళ్లమ్మ చెంగు లాగింది.

రూలు ఇంకా కావాలా అని ఫోనులో రాసి చూపించాను. ఆయన బండి కొనుక్కుని ఇప్పుడు రోజూ ఇంటికొచ్చేస్తున్నాడని ఆమె రాసింది. అమ్మయ్య, అవసరం తీరింది, లడ్డు తెప్పించాలి అనుకున్నాను. అంతలో ఆమె ఆగమన్నట్టు చెయ్యి చూపి, గూట్లో ఆనించిన ట్యాబు నా వైపు తిప్పింది. స్క్రీను నిండా చిన్న చిన్న కిటికీలు, ఒక్కో దాంట్లో ఒక్కో పిల్లో పిల్లవాడో. ఉయ్యూరు, పామర్రు, అవనిగడ్డ, ఎక్కడెక్కడివాళ్లో. అందరూ వినపడని పిల్లలే. చుట్టూ ఆ భాష వచ్చినవాళ్లు లేక ఇళ్లలో మూగగా కూర్చునే పిల్లలకు ఈమె రోజూ పాఠం చెబుతోంది. అన్ని చేతులూ ఒకేసారి కదులుతున్నాయి. ఇంతకుముందు ఆ తీగ మీద ఒక్క కాపురం ఉండేది, ఇప్పుడు ఒక బడి ఉంది.

అప్పుడు ఆమె అరచెయ్యి అడ్డంగా కళ్ల ముందు పెట్టుకుని మెల్లగా కిందికి దించింది. కనుబొమలు ఎగరేసి నా వెనక గేటు వైపు చూసింది.

"మేడం రాలేదా అని అడుగుతుందంకుల్" అంది పాప. "మేడం పేరు అదే. అమ్మ పెట్టింది. మేడం కూడా మా క్లాసులోకొస్తది. అందరికంటే లాస్టు."

మేడం ఆ క్లాసులో చేరిన సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. లైను సరిగ్గా ఉందో లేదో చూస్తానని మొదలుపెట్టి, పిల్లల దగ్గర సైగలు నేర్చుకునేవారట. పాప చేత చెప్పించడానికి నాకు మనసొప్పలేదు. ఫోనులో "మేడం లేరు. కిందటి నెల పోయారు" అని రాసి ఇచ్చాను. ఆమె చదివి ఫోను ఒళ్లో పెట్టుకుంది. పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు, అన్నీ ఏర్పాట్లు చూశాను. కంకిపాడులో, మొత్తం మీద రెండు మూడుసార్లు కలిసిన మనిషి ముందు, వచ్చింది. దాచుకోలేదు.

కాసేపయ్యాక ఆమె లేచి స్క్రీను ముందుకెళ్లి పిల్లలకు చెప్పింది. ఎలా చెప్పిందో నాకు తెలియదు. అన్ని కిటికీల్లోనూ చేతులు ఆగిపోయాయి. లైను బాగానే ఉంది. తర్వాత ఒక పిల్ల అరచెయ్యి కళ్ల ముందు పెట్టుకుని కిందికి దించింది. ఆ పక్క పిల్లవాడూ దించాడు. అందరూ దించారు.

ఆమె నా వైపు తిరిగి, గోడ మీద మినుకుమంటున్న మా ఇంటర్నెట్ డబ్బాను చూపించి, ఇంక ఎవరు చూస్తారన్నట్టు చేతులు విప్పింది. నా చెయ్యి నన్నడక్కుండానే మెడ వెనక్కి పోయింది. తర్వాత దాన్ని తెచ్చి గుండె మీద పెట్టుకున్నాను. నేనే అన్నట్టు తలూపాను. ఆమె నన్ను కొంచెంసేపు పరీక్షగా చూసింది. చూసి, పిల్లల వైపు తిరిగి, తన మెడ వెనక చెయ్యి పెట్టి రుద్దుకుని, నన్ను చూపించింది. కిటికీలన్నిటిలో పిల్లలు మెడలు రుద్దుకున్నారు.

"అది మీ పేరంట అంకుల్" అంది పాప.

సాయంత్రం కాకముందే ఆఫీసుకొచ్చి కూర్చున్నాను. "ఎవరి కోసం" దగ్గర బడి అని రాసి, గడువు పెంచాను. "ఎలా అడగాలి" ముట్టుకోలేదు. బాధ్యత గడిలో ఆవిడ పేరు తీసి నా పేరు కొట్టడానికి మాత్రం చాలాసేపు పట్టింది. టూలు ఎప్పటిలాగే "ఉన్నారా?" అంది. నొక్కాను. ఎర్ర వరస పచ్చబడింది.

రౌటరు మారిన రోజు, కొత్తదాంట్లో ఆ రూలు పట్టిందో లేదో చూద్దామని క్లాసు వేళకు వీడియో కాల్ చేశాను. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆమె, ఒళ్లో పాప, పిల్లలు, అందరూ మెడ వెనక చేతులు పెట్టుకుని నన్ను పిలిచారు. ఒక్క వేలు కూడా చెదరలేదు.